కారున్న ఇంటి కోడలు

కుట్టుమిషను సొరుగంతా బోర్లించినా చిన్న స్క్రూడ్రైవరు దొరకలేదు. సూది వదులైంది. అత్తగారి రవికెకు రెండు కుట్లు వేసి గానీ వెళ్ళడానికి లేదు. పుట్టింటికి బయలుదేరాలంటే బాలలక్ష్మి రేపటి చాకిరి కూడా ఇవాళే చేసి పెట్టి వెళ్ళాలి. లేకపోతే "మమ్ముల ఉపాసముండమని పోతున్నవా?" అంటుంది అత్త.

ఇవాళ ఎల్లారెడ్డిలో కంటి క్యాంపు. తల్లి మంగవ్వకు రెండు కళ్ళకూ పొర కమ్మింది. పొయ్యి ఎక్కడుందో చెయ్యి కాలితే గానీ తెలియడం లేదు. "నీ మొఖం యాదికున్నది గని కనవడ్తలేదు బిడ్డా" అంది పోయినసారి, చెంపలు తడుముతూ. పది రోజులు వెంట ఉండే మనిషి లేనిదే ఆపరేషన్ చెయ్యరు. ఉన్న ఒక్క కొడుకూ దుబాయిలో ఉన్నాడు. పోయినేడు క్యాంపుకే తీసుకువెళ్ళాల్సింది. కారు వల్ల కుదరలేదు.

కారు లేనప్పుడు ఏ బాధా లేదు. కామారెడ్డిలో బస్సెక్కితే ఎల్లారెడ్డిలో దిగేది. భర్త సాయన్న మస్కట్ నుంచి వచ్చి సిమెంటు దుకాణం పెట్టి, పాత తెల్ల కారు కొన్నాక ఆ సుఖం పోయింది. "కారున్న ఇంటి కోడలు బస్సుల వేలాడుకుంట పోతదా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. సరే, కారులోనే తీసుకుపొమ్మంటే అది కదలదు.

పోయినేడు నిజంగానే చెడింది. మిస్త్రీ గౌస్ వచ్చి ఇంజను నడుస్తుండగానే, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకొని, రెండో కొస ఇంజను మీద మెల్లగా తిప్పుతూ విన్నాడు. ఒకచోట ఆగి, చాయ్ తెచ్చిన బాలలక్ష్మిని పిలిచాడు. "వినుండ్రి భాభీ, బుస్సుమంటున్నది. పైపు పలిగింది. ఇంజను ఇక్కడికెల్లి దొంగగాలి తాగుతున్నది. గందుకే వణుకుడు" అన్నాడు. పైపు లాగేసి ఆ రంధ్రం మీద వేలు పెట్టమన్నాడు. వేలిని లోపలికి గుంజింది, వణుకు ఆగిపోయింది. చిన్నపిల్లలా నవ్వింది బాలలక్ష్మి. పక్కనే ఉన్న సాయన్నకు ఆ నవ్వు నచ్చలేదు. "దానికెందుకు గౌస్ ఇవన్ని? అన్నం మాడకుండ సూస్కుంటె సాలు" అన్నాడు. గౌస్ తల వంచుకొని కొత్త పైపు వేసి, క్లిప్పు బిగించి వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి కారుకు ఓ చిత్రమైన రోగం పట్టుకుంది. దోస్తుల పెళ్ళిళ్ళకు రామారెడ్డి, రాజంపేట ఊళ్ళకు హాయిగా తిరిగేది. బతుకమ్మకు ఎల్లారెడ్డి అనగానే వణికింది. మంగవ్వకు జ్వరమని కబురొస్తే మళ్ళీ వణికింది. "ఆ తొవ్వంటెనే దీనికి పడదు" అని సాయన్న నవ్వేవాడు. తన నసీబే అంత అనుకొని ఆమె కూడా నవ్వేది.

ఇవాళా అంతే. సాయన్న స్టార్టు చేయగానే కారు ఒళ్ళంతా వణికిపోయింది. "సూసినవా? మల్ల మొదలైంది. ఇయ్యాల గౌస్ దొరకడు. వచ్చే యేడు సూద్దాం తీయ్" అంటూ, ఆమె కళ్ళారా చూడాలని కాబోలు, ఇంజను ఆపకుండానే గడ్డం గీసుకోవడానికి లోపలికి పోయాడు.

వచ్చే యేడట! గోడలకు సున్నం వాయిదా వేసినట్టు ఎంత తేలిగ్గా అన్నాడు! వచ్చే ఏడాది దాకా అవ్వ ఎన్నిసార్లు చెయ్యి కాల్చుకోవాలి? బాలలక్ష్మి కాలు ఒకచోట నిలవలేదు. గుమ్మం దాకా పోయింది, వెనక్కి వచ్చింది, సంచి ఎత్తింది, దించింది. చివరికి కొంగు నడుముకు దోపి, గౌస్ ఎత్తినట్టే కారు బానెట్ ఎత్తింది.

పైపు ఊడి వేలాడుతోంది. రంధ్రం మీద వేలు పెట్టింది. ఇంజను కుదురుకుంది. తీసింది. వణికింది. పైపు చూస్తే కొత్తది, ఎక్కడా పగుల్లేదు. క్లిప్పు పూర్తిగా విప్పి ఉంది. బ్యాటరీ పక్కన, పొద్దుటి నుంచి ఆమె వెతుకుతున్న స్క్రూడ్రైవరు.

కోపం రాలేదంటే అబద్ధం. రాత్రి అన్నం దగ్గర తను అవ్వ కళ్ళ గురించి చెబుతుంటే ఊఁ కొడుతూ రెండోసారి కూర వేయించుకున్నాడు. అప్పటికే మనసులో ఇది ఉందన్నమాట. గౌస్ ఆ రోజు ఇద్దరికీ ఒకే పాఠం చెప్పాడు. తను లేకపోతే పది రోజులు పొయ్యి ఎవరు రాజెయ్యాలి, ఆయన బట్టలు ఎవరు ఉతకాలి? అందుకోసం ఒక ముసలమ్మను గుడ్డిదాన్ని చేసినా ఫరవాలేదనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. పైపు తొడిగి, క్లిప్పు గట్టిగా బిగించింది.

వణుకు చప్పుడు ఆగేసరికి సాయన్న ఒక చెంపన సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు. ఎత్తి ఉన్న బానెట్ చూశాడు, ఆమె చేతిలోది చూశాడు. బాలలక్ష్మి ఆ స్క్రూడ్రైవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఊడిపోయిందా ఏంది?" అన్నాడు ఎటో చూస్తూ. "సరే ఎక్కు. నేను దింపి మాపటికి తోల్కొస్త."

"వద్దు. బస్సుల పోత. అవ్వ నా మొఖం సూసేదాంక ఆడ్నే ఉంట."

"బస్సులనా? మంది అడిగితే నేనేం జెప్పాలె?"

ఆమె సంచి భుజానికి తగిలించుకొని, గేటు దగ్గర ఒక్కసారి ఆగింది.

"కారు బాగలేదని చెప్పు."