ఊరేదొకరికి, ఇంకేదొకరికి

ఒకటో నంబరు బస్సు మార్కెట్ దగ్గర బయల్దేరి, బడి, బ్యాంకు, పెద్దాసుపత్రి మీదుగా కాలవ వంతెన దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. ఊరు మొత్తంలో అంతకన్నా పొట్టి రూటు లేదు. దాన్ని ఏళ్ళ తరబడి నడుపుతున్నది ఊట. స్టీరింగు మీద ఒడుపు చూస్తే కొండల్లో నడపాల్సిన మనిషి, గానుగెద్దులా ఆ నాలుగు వీధులే తిరుగుతోందని డిపోలో అందరూ జాలిపడేవాళ్ళు. కానీ వంతెన దాటి వెళ్ళమని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. ఊటకీ వాళ్ళక్కకీ మధ్య సంగతి అందరికీ తెలుసు మరి.

సంగతి పెద్దదేం కాదు. కొందరు అక్కచెల్లెళ్ళు ఒకే దువ్వెన వాడుకుంటారు, కొందరు ఒకే దుప్పటి కప్పుకుంటారు. వీళ్ళిద్దరికీ తలలో నీళ్ళు ఉమ్మడి. మెదడు చుట్టూ ఉండే నీరు ఎవరికైనా రోజంతా ఊరుతూనే ఉంటుంది, ఊరిందంతా రక్తంలోకి ఇంకుతూనే ఉంటుంది. చెల్లికి ఊరడమే గానీ ఇంకడం లేదనీ, మిగిలిన నీరంతా అక్క తలలోకి పోయి ఇంకుతోందనీ చిన్నప్పుడే ఇంట్లో చెప్పేశారు. అలా చెల్లికి ఊట అని, అక్కకి ఇసుక అని ముద్దుపేర్లు పడ్డాయి. పేరుకి తగ్గట్టే ఊట చీటికీ మాటికీ ఏడ్చేది. దారం తెగినా ఏడుపే, పాలు పొంగినా ఏడుపే. అక్క కంట మాత్రం చుక్క నీరు చూసినవాళ్ళు లేరు. నాన్న పోయిన రోజు కూడా ఊటే ఇద్దరికీ సరిపడా ఏడ్చింది. పెద్దపిల్లది ఎంత గుండె నిబ్బరమో అని చుట్టాలు మెచ్చుకున్నారు.

ఇద్దరికీ దూరం పెరిగితే నీళ్ళు అందవు. ఒకసారి బడివాళ్ళు విహారానికి తీసుకెళ్తే, వంతెన దాటగానే ఊటకి తల దూదిలా తేలిపోయింది. అది వాపు మొదలవడమేనంది అమ్మ. అదే సమయానికి ఇంట్లో అక్క తల పట్టుకుని వాంతులు చేసుకుంది. అది నీళ్ళందక ఎండిపోవడమంది. అమ్మ చెప్పాక ఇంకెవరు ఎదురడుగుతారు? అప్పట్నుంచీ ఊట దూరాలకి నీళ్ళొదిలేసుకుంది. పొరుగూళ్ళో చదువుకి నీళ్ళొదిలేసింది. పొరుగూరికి బదిలీ అయిపోయిన ఒక మంచి మనిషికి కూడా. అక్క గది ఊడ్చేది, అక్క బట్టలు ఇస్త్రీ చేసేది, బస్సు దిగి వస్తూ అక్కకి నచ్చిన పళ్ళు తెచ్చేది. ప్రాణం నిలబెడుతున్న మనిషికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా? ఇంట్లో ఊట అందరికీ తలలో నాలుక. అక్కా ఏ పనికీ మొహమాటపడకుండా చేయించుకునేది, అంత మంచి మనసు.

ఆ వేసవిలో కొండదారి బస్సు నడిపే పెద్దాయన రిటైరయ్యాడు. డిపో మేనేజరు ఊటని పిలిచి, ఆ బస్సు నీదేననుకో, ముందు తల కొలిపించుకురా అన్నాడు. ఇంకడానికి మాత్రలొచ్చాయట, ఎంత తక్కువో తేలితే డాక్టర్లే చూసుకుంటారన్నాడు. సంతోషంతో ఊటకి అన్నం సహించలేదు. తల కొలిస్తే ఆయుష్షు తగ్గుతుందంది అక్క. ఈ వయసులో నడుముకి సూదులెందుకే అంది అమ్మ. ఎన్నడూ మాట జవదాటని ఊట, ఈసారి చెప్పకుండా వెళ్ళింది.

పెద్దాసుపత్రిలో కొలతల గది మెట్లు దిగి వెళ్తే కింద ఉంటుంది. కొలతలావిడ ఊటని పక్కకి తిప్పి, మోకాళ్ళు పొట్టకి ఆనేలా ముడుచుకోమంది. నడుము దగ్గర సన్నటి సూది దింపి, పంపుతో ఉప్పునీళ్ళు మెల్లగా తోయడం మొదలుపెట్టింది. తోసిన నీరు ఇంకకపోతే తెరమీద గీత పైపైకి పోతుంది. ఇంకుతుంటే ఒక చోట నిలబడుతుంది. ఆ నిలబడిన ఎత్తుని బట్టి ఇంకేది ఎంతో లెక్క కడతారు. ఆ తర్వాత కాస్త నీరు బయటికి తీసి, అది మళ్ళీ నిండడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఊరేది ఎంతో చెబుతారు.

గీత లేవలేదు. ఆవిడ పంపు జోరు పెంచింది. గీత కొంచెం తలెత్తి మళ్ళీ పడుకుంది. గొట్టం ఊడిందేమోనని చూసింది, ఊడలేదు. కదిలావా అని అడిగింది, కదల్లేదంది ఊట. మొత్తం మొదట్నుంచీ మళ్ళీ కొలిచింది.

"నీకు ఇంకడం లేదని ఎవరు చెప్పారమ్మా?"

"మా అమ్మండీ."

"నీది ఇసుకనేల. ఊరడం అందరిలాగే ఊరుతోంది. ఇంకడం మాత్రం రెండు తలలకి సరిపోయేంత. నీళ్ళు నీ దగ్గర్నుంచి పోవడం లేదు, నీ దగ్గరికే వస్తున్నాయి."

నేను పక్కన లేకపోతే మరి అక్కకెలాగ అని అడిగింది ఊట. అదీ మనిషంటే! తలలోంచి పొట్టలోకి గొట్టం వేస్తారనీ, ఎన్నో ఏళ్ళుగా ఈ ఆసుపత్రిలోనే వేస్తున్నారనీ ఆవిడ మామూలుగా చెప్పి సూది తీసేసింది. లేవకుండా పడుకోమన్నారు కాబట్టి ఊట అక్కడే పడుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, ఈ కన్నీరు కూడా అక్కదేనేమోనని అనుమానమొచ్చి టక్కున ఆపేసింది.

ఇంటికొచ్చి అడిగితే అమ్మ నీళ్ళు నమిలింది. ఆ ఇంట్లో నీళ్ళకేం కొదవ? అక్క మాత్రం ఊట ఇస్త్రీ చేసి పెట్టిన బట్టలు సర్దుకుంటూనే అంతా చెప్పింది. డాక్టర్లు గొట్టం వేస్తామన్నప్పుడు తను చిన్నపిల్లట, కత్తికి జడిసి మంచం కింద దూరిందట. ఆ పూటే చెల్లి పక్కన పడుకుంటే నొప్పి తీసేసినట్టు పోయిందట. తల్లిప్రాణం కదా, కూతుర్ని కోయనివ్వడానికి అమ్మకి మనసొప్పలేదట.

"భయపడ్డావు, సరే. తిరగేసి ఎందుకు చెప్పారక్కా?"

"మోసేవాళ్ళు ఏదో ఒకరోజు దించేస్తారు. రుణపడ్డవాళ్ళు ఎక్కడికీ పోరు. నిజం తెలిస్తే నువ్వు ఇన్నాళ్ళు ఉండేదానివా?"

"ఉండేదాన్ని" అంది ఊట. "అడిగుంటే ఉండేదాన్నే. తలలో నాలుకననుకున్నాను. తలకి తూముగా పెట్టుకున్నారని తెలీదు."

తోడబుట్టినదీ, కన్నదీ కలిసి ఇంత మోసం చేశారే అనుకుంది. అయినా ఆ పూటా తనే వంట చేసింది. వడ్డిస్తూ, వచ్చే సోమవారం కొండదారి బస్సు ఎక్కుతున్నాననీ, ఈలోపు గొట్టం సంగతి చూసుకోమనీ చెప్పింది. ఉడుకుమోత్తనం, రెండ్రోజుల్లో చల్లారుతుందిలే అనుకున్నారు తల్లీ పెద్దకూతురూ.

సోమవారం పొద్దున అక్క ఒక సూట్‌కేసుతో అదే బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో దర్జాగా కూర్చుంది. చివరి స్టాపుకి టికెట్ తీసుకుంది. ఊట పెద్దాసుపత్రి దగ్గర బండి ఆపి, తలుపు తెరిచింది.

"దిగక్కా."

"చివరిదాకా టికెట్ తీసుకున్నాను. రేపూ తీసుకుంటాను. రోజూ తీసుకుంటాను."

ఊట ఇంజను ఆపేసింది. "నువ్వు దిగేదాకా బండి కదలదు. నాకేం తొందర్లేదు, పుట్టినప్పట్నుంచీ ఆగే ఉన్నాను."

వెనక జనం మొదట గొణిగారు, తర్వాత గొంతు పెంచారు. దిగమ్మా తల్లీ, అవతల మా పనులు పాడవుతున్నాయని ఒక పెద్దాయన బతిమాలాడు. కండక్టరు సూట్‌కేసు దించి ఆసుపత్రి గేటు దగ్గర పెట్టి, కొలతల గది మెట్లు ఎడంవైపని చెప్పాడు. అక్క చాలాసేపు చెల్లి వీపు వంకే చూసింది. అది తిరగలేదు. చివరికి దిగింది.

వంతెన దాటి కొంతదూరం పోయాక ఊటకి తల దూదిలా తేలిపోయింది. అది వాపు కాదని ఇప్పుడు తెలుసు. కొండ మొదలవగానే గేరు మార్చింది.

పదిరోజుల తర్వాత అమ్మ ఫోన్ వచ్చేసరికి, ఇంకా ఇంటి మొహం చూడని ఊట అవతలి ఊరి డిపోలో బస్సు అద్దం తుడుస్తోంది. గొట్టం వేశారట, అక్క లేచి కూర్చుందట.

"కానీ ఒకటే ఏడుపే. దారం తెగినా ఏడుపే, పాలు పొంగినా ఏడుపే. మీ నాన్న పోయాడని ఇప్పుడు ఏడుస్తోంది. ఎలా ఊరుకోబెట్టాలో తెలీడం లేదే, ఊటా."

ఊట కళ్ళు తడుముకుంది. పొడిగా ఉన్నాయి.

"ఊట నీ దగ్గరే ఉందమ్మా" అంది. "ఏడవనివ్వు, అలవాటు లేదు కదా."

ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన సగం అద్దం తుడవడం మొదలుపెట్టింది.