జెంలాక్ ఒడ్డు సాక్ష్యం

"మీ తాత పేరు?" అని అడిగాడు కలప కంపెనీ వకీలు.

బోనులో నిలబడ్డ పాండక్ నేలచూపులు చూశాడు. "తెలీదండీ."

"నాయనమ్మ పేరు?"

"తెలీదండీ."

"జెంలాక్ ఏటి ఒడ్డున సమాధులున్నాయన్నావే, వాటిల్లో ఎవరున్నారు?"

"తెలీదండీ."

వకీలు జడ్జి వైపు తిరిగాడు. "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేవాళ్ళని చూశాం. వీళ్ళ తాతలకి పేర్లే లేవు! నిన్నగాక మొన్న వచ్చి కూర్చున్న దేశదిమ్మరులు. వీళ్ళకి అడవి మీద హక్కేమిటండీ?"

కోర్టు ఘొల్లుమంది. నల్లకోట్లు నవ్వాయి, బంట్రోతు కూడా నవ్వాడు. వెనక బల్ల మీద కూర్చున్న అసోద్‌కి మాత్రం కోపం రాలేదు. రెండేళ్ళుగా ఆమెకి కోపమూ రాదు, ఏడుపూ రాదు. తమ్ముడు పాండక్ మెడ మీద కారుతున్న చెమటను చూస్తూ కూర్చుంది.

పాండక్‌కి తెలియక కాదు. ఆ కొండ అడవిలో బతికే వాళ్ళ జాతి, తెమియార్లు, పోయినవాళ్ళ పేరు నోట పలకరు. పలికితే పోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారని, పలికినవాళ్ళ ఇంటికి జబ్బు వస్తుందని వాళ్ళ భయం. ఎవరైనా అడిగితే మర్యాదగా "తెలీదు" అంటారు. అడిగినవాడు కూడా మర్యాదగా ఊరుకుంటాడు. కోర్టుకి ఆ మర్యాద ఎక్కడ ఏడ్చింది? గుమాస్తా టకటకా టైపు కొట్టేశాడు: తెలియదు, తెలియదు, తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఊరంతా అడ్డుగేటు దగ్గర కూడింది. కలప లారీలు కొండెక్కకుండా దారికి అడ్డంగా కట్టిన వెదురు గేటు అది. ఆడవాళ్ళు ఉడికించిన కర్రపెండలం పంచారు.

"రేపు అసోద్ పెద్దమ్మ సాక్ష్యం," అంది యూనా. పట్నంలో పన్నెండో తరగతి దాకా చదివిన పిల్ల. "మన లాయరమ్మ తేల్చి చెప్పేసింది. పేర్లు చెబితే కేసు నిలుస్తుంది. లేదంటే ఎల్లుండికి గేటు పీకేస్తారు, కొండకి గుండు కొట్టేస్తారు."

"నీ నోట్లో మన్ను పడ! పోయినోళ్ళని కోర్టుకి ఈడుస్తావా?" ఆదింగ్ తాత లేచాడు. ఊళ్ళో జబ్బులకి మంత్రం వేసేది ఆయనే.

"నేనేం ఈడ్చడంలేదు తాతా. పట్నంవాళ్ళ సమాధి మీద రాయి ఉంది, రాయి మీద పేరుంది, అందుకని అది ఊరట. మనవాళ్ళ సమాధి మీద చెట్టుంది, అందుకని అది ఖాళీ అడవట. ఒకే చట్టం, రెండు కళ్ళు! దీనికేమంటావు?"

"ఆ కళ్ళు పోను," అని గొణిగింది ఒక ముసలమ్మ.

"నావల్లే వచ్చింది ఇదంతా," అన్నాడు పాండక్. "నేనే చెప్పుండాల్సింది. నోరు పెగల్లేదు."

"చాల్లే, ఇప్పుడు ఏడ్చేం లాభం? అక్క మీద పడింది బరువు," అని ఎవరో కసిరారు.

అందరూ అసోద్ వైపు చూశారు. రెండేళ్ళ కిందట కంపెనీ పైకొండ మీద చెట్లు నరికాక ఏరు బురదై పొంగి ఆమె కూతుర్ని పొట్టన పెట్టుకుంది. ఏటి ఒడ్డున చివరి సమాధి ఆ పిల్లదే. అప్పటినుంచి అసోద్ వండుతుంది, తింటుంది, గేటు కాస్తుంది. కూతురి పేరు మాత్రం ఆమె నోట రాలేదు.

"చెబుతాను. నాకు వచ్చే జబ్బేముంది ఇంక?" అంది అసోద్.

ఆదింగ్ తాత వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "అడవిపంది పడితే ఒక్కరం తింటామా?" అన్నాడు. "ఇంటింటికీ పంచుకుంటాం. ఈ పాపం కూడా అంతే. అది ఒక్కతే ఎందుకు మొయ్యాలి? పదండి, అందరం పోదాం."

మర్నాడు మూడు జీపుల్లో కిక్కిరిసి నలభైమంది కోర్టుకి వెళ్ళారు. తాత ముందు బల్ల మీదే కూర్చున్నాడు.

"ఏటి ఒడ్డున ఎవరెవర్ని పూడ్చారమ్మా?" అని అడిగింది లాయరమ్మ.

అసోద్ నోరు తెరిచింది. "మా తాత బలూక్. మా అమ్మమ్మ తెరిస్. మా అమ్మ సిబీర్." గొంతు ఎవరిదో పరాయిదిలా వినిపించింది ఆమెకి. "నా కూతురు మెనా."

పిడుగేమీ పడలేదు. పైన పంకా తిరుగుతూనే ఉంది. ఆమెకి లోపల ఏమీ అనిపించలేదు, అందుకే ఆమెకి భయం వేసింది.

కంపెనీ వకీలు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "మొన్న లేని పేర్లు ఇవాళ పుట్టుకొచ్చాయి! ఏ ముసలమ్మయినా నాలుగు పేర్లు అల్లగలదండీ."

"మా నాన్న చెవాంగ్!" అని లేచాడు ఆదింగ్ తాత.

"మా పిన్ని లాయిక్!"

"మా అన్న బెదూల్!"

"నిశ్శబ్దం!" జడ్జి బల్ల చరిచాడు. ఎవరూ ఆగలేదు. పోలీసులు రెక్కలు పట్టి లాగుతుంటే గడప మీద నుంచి ఒకరు, మెట్ల మీద నుంచి ఒకరు తమ ఇళ్ళలో పోయినవాళ్ళ పేర్లు కేకలేస్తూనే ఉన్నారు. పాండక్ చొక్కా చిరిగింది. "మా తాత బలూక్!" అని అరిచాడు వాడు, మొన్న మింగిన మాటని.

"ఆ అరుపులు రాయొద్దు," అన్నాడు జడ్జి గుమాస్తాతో. "బోనులో ఉన్న సాక్షి మాటలే రాయి."

అసోద్ ఆ మాట విన్నది. బోను కమ్మీ పట్టుకుని గుమాస్తా వైపు తిరిగింది.

"చెవాంగ్," అంది. "ఆదింగ్ తాత తండ్రి. మా తాత సమాధికి కుడిపక్క ఉన్నాడు. లాయిక్, పురిట్లో పోయింది. బెదూల్‌ని పాము కరిచింది."

గుమాస్తా జడ్జి మొహం చూశాడు. సాక్షి మాటలాయె, రాయక చస్తాడా? మీటలు టకటకలాడాయి. బయట పోలీసు వ్యాను తలుపులు ధడాలున మూసుకున్నాయి. అందులోంచి వినబడిన ప్రతి పేరునీ అసోద్ బోనులోంచి మళ్ళీ పలికింది. పరాయి ఇళ్ళలో పోయినవాళ్ళ పేర్లన్నీ తన నోటితో పలికింది. ఏ పేరు దగ్గరో ఆమె కళ్ళ వెంట నీళ్ళు మొదలయ్యాయి. రెండేళ్ళకి. తుడుచుకోలేదు.

"ఇంకా ఎంతమంది?" అని విసుక్కున్నాడు జడ్జి.

"చాలామంది ఉన్నారయ్యా," అంది అసోద్. "రాయించండి."