ఉప్పుచేప గుడ్డలో గుమ్మడికాయ

మా అత్తగారు హెర్మీనియాకు పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడితే గిట్టదు. పెళ్ళై ఈ ఇల్యావు ఊరికి వచ్చిన కొత్తల్లో గరిటె ముట్టుకున్నందుకు ఆమె చూసిన చూపు నాకింకా గుర్తే. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ నాకు దక్కిన ఉద్యోగం ఒక్కటే, నారింజ తొక్క తురమడం. అదీ లోపలి తెల్లపొర తగలకుండా. తగిలితే చేదొస్తుందని మళ్ళీ ఇంకో కాయతో మొదలుపెట్టించేది. నాకు ఒళ్ళు మండేది. కానీ పండగ ముందు సాయంత్రం ఆమె నూనెలో వేయించిన బిల్యరాకు, అదే గుమ్మడి ఉండ, ఒకటి నోట్లో పడగానే ఆ మంటంతా చల్లారేది. పైన పంచదార, దాల్చినచెక్క పొడి, లోపల తడితడిగా నారింజ వాసన కొట్టే గుమ్మడి. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చేస్తారు. ఎవరివీ అలా రావు.

ఆమె చెల్లెలు గ్రాసిండాకు మాత్రం వేరే ఆలోచన ఉంది. పక్కనున్న ఆవేయ్రు పట్నంలో ఫ్లాట్ కొన్నప్పటి నుంచీ ఒకటే పోరు.

"నీవల్ల కాదక్కా ఇక. పండగ మా ఇంట్లో చేసుకుందాం. బిల్యరాకులు బేకరీ నుంచి తెప్పిస్తా. హాయిగా కూర్చుని తిను."

"నా చేతిలో ఏ ఏడు పాడైతే ఆ ఏడు నుంచీ మీ ఇంట్లోనే," అని అత్తయ్య ఒకసారి కోపంలో మాట ఇచ్చేసింది. అప్పటి నుంచి గ్రాసిండా ప్రతి పండక్కీ మొదటి బిల్యరాకు తనే తీసుకుని, తీర్పు చెప్పే జడ్జీలాగా నములుతుంది.

బిల్యరాకుల్లో అసలు పని వేయించడం కాదు, నీళ్ళు దించడం. ఉడికిన గుమ్మడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయాలి. నీరు మిగిలితే మైదా ఎక్కువ కలపాలి, మైదా ఎక్కువైతే అది తినే వస్తువు కాదు. అత్తయ్య వాడే గుడ్డ తన పెళ్ళినాటి దుప్పటి చింపినది. అదే దుప్పటిలోని ఇంకో ముక్కలో పండగ ఉప్పుచేపను చుట్టి సామాన్ల గదిలో వేలాడదీస్తుంది. చేపను నానబెట్టాక ఆ గుడ్డ ఖాళీగా కొక్కేనికి ఉంటుంది. రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి గుమ్మడి మూట కట్టేముందు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. ఈసారీ చూసింది. నేను పక్కనే ఉన్నాను. గట్టిగా పీల్చి, తలూపి, మూట కట్టింది.

మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి గుప్పుమంది. నానబెట్టిన చేప పెరట్లో ఉంది కదా, ఇదెక్కడిది అనుకున్నాను. అత్తయ్య మూట విప్పి, గుమ్మడిని గిన్నెలో మెదిపి, గుడ్లు కొట్టబోతోంది.

"అత్తయ్యా, ఆగండాగండి! గుడ్లు కొట్టకండి!"

"ఏం, మీ పుట్టింటి కోళ్ళు పెట్టాయా?"

"గుమ్మడి ఉప్పుచేప కంపు కొడుతోంది!"

ఆమె గుడ్డు పక్కన పెట్టింది. తర్వాత చిటికెడు గుమ్మడి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పగా ఉంది," అంది మెల్లగా.

"నిన్న వాసన చూసే కట్టారుగా?"

"చూశా. అలవాటు కొద్దీ చూశా." స్టూలు మీద కూలబడింది. "అక్టోబర్లో జ్వరమొచ్చింది చూడు, అది పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. కాఫీ పొంగినా తెలీదు, పాలు విరిగినా తెలీదు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? డాక్టరుకి చెప్తే టెల్మోకి తెలుస్తుంది. మీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికల్లా గ్రాసిండాకి చేరిపోతుంది. అంతా కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో జపమాల పెడతారు. పొయ్యి లేకపోతే ఈ ఇంట్లో నేనెందుకే, ఓతీలియా?"

ఈ మనిషికి భయమనేది ఉంటుందని నాకు ఆ పొద్దుటి వరకూ తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నా నోరు దురుసవుతుంది.

"కూర్చుని ఏడుద్దామా, ఇంకో కాయ కోద్దామా?" అన్నాను.

పెరటి షెడ్డు కప్పు మీద ఎండకు పెట్టిన గుమ్మడికాయల్లో ఒక్కటే మిగిలింది, విత్తనాల కోసమని. నిచ్చెనెక్కి దించాను. కోసి, ఉడికించాం. వేలాడదీసే వ్యవధి లేదు. అత్తయ్య వెడల్పాటి మూకుడులో వేసి, సన్న సెగ మీద గరిటెతో తిప్పుతూ చెవి దానివైపు వంచింది.

"విను. ఇంకా నీళ్ళున్నాయి, గుడగుడమంటోంది," అంది. చాలాసేపటికి ఆ గుడగుడ ఆగి, చిన్న చిటపట మొదలైంది. కాస్త తీసి ముంజేతి మీద పెట్టుకుని తుడిచేసింది. చర్మం మీద తడి లేదు. "చాలు. దించు."

నేను ఎన్నేళ్ళుగానో ఆ వంటింట్లో ఉన్నాను. ఒక్కసారీ ఆ శబ్దం వినలేదు. నాకు చెవులున్నట్టా, లేనట్టా!

చల్లారాక గుడ్లు, పంచదార, కొద్దిగా మైదా, ఒక చెంచా పోర్టు వైను పడ్డాయి. తర్వాత ఆమె గిన్నెను నావైపు జరిపింది.

"నారింజ తొక్క నువ్వే వెయ్యి. చాలో లేదో నీ ముక్కు చెప్పాలి."

ఆ గిన్నె మీదికి వంగాను. కొంచెం వేశాను, వాసన చూశాను, ఇంకొంచెం వేశాను. ఆమె నా ముఖమే చూస్తోంది. "చాలత్తయ్యా," అన్నాక పిండి మీద వేలితో సిలువ గీసి, ఆ పిండితోనే "దేవుడు నిన్ను పెంచుగాక" అంది.

నూనె కాగిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండు చెంచాలతో ముద్దలు తిప్పి వదులుతుంటే అవి మునిగి, తేలి, వేగిన వైపు పైకి వచ్చేలా వాటంతటవే బోర్లా పడ్డాయి. అంత చక్కటి పని నేను ఇంకెక్కడా చూడలేదు. ఉప్పుచేప కంపు గుమ్మడిని పారెయ్యలేదు. ఉల్లిపాయ, గుడ్డు వేసి అట్లు పోస్తే టెల్మో మధ్యాహ్నం అన్నీ ఊదేసి, "అమ్మా, ఇవి ఇంతకు ముందెప్పుడూ చెయ్యలేదేం?" అన్నాడు.

సాయంత్రం గ్రాసిండా వచ్చింది. చేప, బంగాళాదుంపలు, క్యాబేజీ అయ్యాక బిల్యరాకుల పళ్ళెం బల్ల మీదికి వచ్చింది. మొదటిది తనే తీసుకుంది. నమిలింది. కళ్ళు చెమర్చాయి.

"అమ్మ వంటింటి వాసన అక్కా. ఇది నీ చేతికి తప్ప రాదు."

గెలిచాం, ఇక నోరు మూసుకుంటే చాలు. అత్తయ్య మూసుకోలేదు.

"చెయ్యి నాదేనే. వాసన ఓతీలియాది. నా ముక్కు పోయి రెండు నెలలైంది."

బల్ల కింద నేను ఆమె కాలు తొక్కాను, కానీ అప్పటికే ఆలస్యమైంది. గ్రాసిండా నమలడం ఆపేసింది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే బేకరీకి ఫోన్ చేసేదానివి."

టెల్మో పకపకా నవ్వాడు. గ్రాసిండా నవ్వలేదు. ఇంకోటి తీసుకుని, "వచ్చే ఏడు పొద్దున్నే వస్తా. తొక్క తురమడానికి," అంది.

"తెల్లపొర తగలకూడదు," అన్నాను నేను. ఎన్నేళ్ళుగానో ఆ మాట ఇంకొకరితో అనాలని ఉండేది.

అత్తయ్య ఒక బిల్యరాకు తీసుకుని అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చింది. అక్కడే ఆగింది. చెయ్యి దించకుండా నావైపు తిరిగింది.

"చెప్పవే. ఎలా ఉంది?"

"ముందు నారింజ తగులుతోందత్తయ్యా. వెనకాలే దాల్చినచెక్క. వైను కొంచెమే, పోయిన ఏటి కంటే తక్కువ. అడుగున గుమ్మడి, వానపడ్డ పెరడు లాగా."

ఆమె కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది.

"ఇంకా?" అంది.

ఆమె తినడం అయ్యేదాకా నేను చెప్తూనే ఉన్నాను.