ఆరేసే గది

తడి దుప్పట్ల బక్కెట్ మోసుకుంటూ ఆమె మెట్లెక్కుతుంటే, కింద సోఫాలోంచి భర్త అన్నాడు: "రేపు పత్రికావిడ వస్తుంది. ఆ పైగదికి తాళం వేసి ఉంచు. పొరపాటున కూడా అటు రానివ్వకు."

"సరేనండీ" అంది. చేతిలో అంత బరువున్న మనిషి సరే అనక ఏమంటుంది? వాదించాలంటే ముందు బక్కెట్ దించాలి.

పైగది చిన్నదే. కానీ ఆ ఇంట్లో సముద్రం కనిపించే కిటికీ దానికొక్కదానికే ఉంది. ఇల్లు కొనేటప్పుడు ఆ కిటికీ చూపించే భర్త ఆమెను ఒప్పించాడు. "ఇది నీ గది. నీ కంప్యూటరూ, నీ పుస్తకాలూ ఇక్కడే పెట్టుకో" అన్నాడు. పిచ్చిమొహం, నమ్మి బల్ల కూడా కొనుక్కుంది. ఇప్పుడు ఆ బల్ల మీద క్లిప్పుల డబ్బా ఉంటుంది. ఈ గోడకీ ఆ గోడకీ తాళ్లు, తాళ్ల మీద భర్త చొక్కాలు, బనియన్లు, అత్తగారి నూలు బట్టలు, ఇంటిల్లిపాది దుప్పట్లు. వీధిలోంచి ఇవేవీ కనిపించకూడదని కర్టెన్ ఎప్పుడూ వేసే ఉంటుంది. మూల గోడకి బూజు పట్టింది. తుడిచినా నాలుగు రోజులకి మళ్లీ వస్తుంది.

అలాగని బయట ఎండకి కరువేం లేదు. ఆ ఊరిని ఎవరో ముందు కాగితం మీద గీసుకుని, తర్వాత కట్టారు. వీధులన్నీ వయ్యారంగా మెలికలు తిరిగి సముద్రం ఒడ్డున గుట్ట దగ్గర ఆగుతాయి. ఇళ్లకి వేయదగ్గ రంగులు మూడే, మూడూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. చెట్లన్నీ ఒకే ఈడువి. గడ్డి పెరగకూడదు, చెత్తడబ్బా కనబడకూడదు, ఆరుబయట బట్టలు ఆరేయకూడదు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, పని అనేది కంటికి కనబడకూడదు. ఇళ్లు వాటంతటవే శుభ్రపడతాయి, దుప్పట్లు వాటంతటవే మడతలు పడతాయి, మనుషులు ఊరికే సుఖంగా ఉంటారు. ఈ నియమాలను కాపాడే సంఘానికి ఆమె భర్తే అధ్యక్షుడు. సెలవు రోజున పొద్దున్నే బయల్దేరి ఎవరింటి ముందు గడ్డి పెరిగిందో చూసుకుంటూ పోతాడు. వీధిలో పిల్లలు చాటుగా 'గడ్డి ప్రెసిడెంటు' అంటారు. తప్పు చేసిన ఇంటికి 'గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి' అంటూ నోటీసు వెళ్తుంది.

బట్టలు ఆరబెట్టే మెషీన్ లేదా అంటే ఉంది, లేకేం. అందులో ఆరినవి తొడుక్కుంటే అత్తగారికి ఒళ్లంతా దద్దుర్లు. భర్త చొక్కా ఒకటి అందులో కుంచించుకుపోతే, "నీకు ఒక్క పనీ తిన్నగా చేతకాదు" అని చాలా రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. దాంతో ఇప్పుడు ఆ మెషీన్లో ఆరేవి ఆమె బట్టలొక్కటే. అవి కుంచించుకుపోతే అడిగేవాళ్లెవరూ లేరు.

ఆమెకూ ఒక పనుంది. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చేస్తుంది. వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఒక చెవి డాక్టరుకీ, ఒక చెవి పొయ్యి మీద పాలకీ అప్పగించి. ఈ మధ్య ఆఫీసావిడ ఫోన్ చేసి, పూర్తి ఉద్యోగం ఇస్తామంది. షరతు ఒక్కటే. రోగుల సంగతులు కాబట్టి తలుపు వేసుకునే గది ఉండాలి, పనివేళ ఇంకొకరు అందులోకి రాకూడదు. శుక్రవారంలోగా గది ఫోటో పంపాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆమె భర్తని అడిగింది. "మరి బట్టలెక్కడ ఆరేస్తావ్?" అన్నాడు. కాదనలేదు పాపం, బట్టల తరఫున మాట్లాడాడంతే. మళ్లీ తనే, "టైపింగే కదా, వంటింట్లో అయితే వేళ్లు కదలవా?" అన్నాడు. "తలుపేసుక్కూర్చుంటే నేను పిలిచింది నీకెలా వినబడుతుందమ్మాయ్?" అని అత్తగారి దిగులు. వినబడదు. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఆ వినబడకపోవడాన్నే తలచుకుంది. ఒక పూట, ఒక్క పూట, ఎవరూ పిలవని చోట కూర్చుని మొదలుపెట్టిన వాక్యాన్ని చివరిదాకా విని టైపు చేయడం. అంత చిన్న ఆశకి కూడా తనకి సిగ్గేసినందుకు ఏడుపొచ్చింది.

గురువారం పత్రికావిడ వచ్చింది. ఊరి మీద పెద్ద వ్యాసం రాస్తోందట. భర్త వీధుల గురించీ, చెట్ల గురించీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె టీ ఇస్తుంటే పత్రికావిడ, "మీరేం చేస్తుంటారండీ?" అంది.

"తనకేం, హాయిగా ఇంట్లోనే" అన్నాడు భర్త. "అసలీ ఊరు ఆడవాళ్ల సుఖం కోసమే కట్టారు."

పత్రికావిడ రాసుకుంది. "ప్రతి ఇంట్లోంచీ సముద్రం కనిపిస్తుందని మీ సంఘం పుస్తకంలో ఉంది. మీ ఇంట్లో ఎక్కణ్ణుంచి?"

ఆ వాక్యం పుస్తకంలోకి ఎక్కించింది భర్తే. టీ కప్పు కింద పెట్టాడు. "పైన ఒక స్టోర్ రూముందండీ. దాని తాళంచెవి ఎక్కడో పడిపోయింది."

తాళంచెవి ఆమె గుప్పిట్లో ఉంది. మర్నాడే శుక్రవారం. నిజంగా భయమేసింది. అయినా నోరు తెరిచింది.

"నా దగ్గరుందండీ. రండి, చూపిస్తాను."

తలుపు తీయగానే తడికంపు కొట్టింది. ఆమె బనియన్లని పక్కకి జరిపి, దుప్పటి కింద నుంచి దూరి, కర్టెన్ లాగింది. గుట్ట అవతల సముద్రం నీలంగా ఉంది. పత్రికావిడ తాళ్ల మధ్య తల వంచి నిలబడి, ముందు బూజు పట్టిన గోడకేసి, తర్వాత సముద్రం కేసి చూసింది.

"అందరిళ్లలో ఇలాగేనా?" అంది.

"ఇంచుమించు అంతేనండీ. పక్కింటావిడ స్నానాలగదిలో ఆరేస్తుంది. ఎదురింటావిడకి కార్ల షెడ్డు."

"మాదీ స్నానాలగదే" అని పత్రికావిడ నవ్వింది.

ఆవిడ గేటు దాటిందో లేదో భర్త అందుకున్నాడు. "పరువు బజారుకీడ్చావు. ఏం ఒరిగింది నీకు?" అత్తగారు, "పైన పటారం లోన లొటారం అని మనమే చాటుకోవాలా అమ్మాయ్?" అని తల పట్టుకుంది. ఆమె ఇద్దరికీ అన్నం పెట్టింది.

శుక్రవారం పొద్దున్నే గదిలో తాళ్లు విప్పింది. వాటిని తెచ్చి ఇంటి ముందు గేటు స్తంభానికీ చెట్టుకీ కట్టి, చొక్కాలు, దుప్పట్లు, బనియన్లు వరసగా ఆరేసింది. సముద్రపు గాలికి దుప్పట్లు చప్పుడు చేస్తుంటే ఎదురింటావిడ కిటికీ తెరిచి చూసింది, మూయలేదు.

భర్త పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, బ్రష్షు తీసి, "మతి పోయిందా?" అన్నాడు. "ఊరంతా ఒక దారి, నీదొక దారా? ఇప్పుడు నా ఇంటికి నేనే నోటీసు పంపుకోవాలా?"

"పంపండి. నా పేరున పంపండి. ఈ ఇంటికి నా పేరున వచ్చే మొదటి ఉత్తరం అదే అవుతుంది."

అత్తగారు వాకిట్లోకి వచ్చి అటూ ఇటూ చూసింది. తన నూలు బట్ట కొసని చేత్తో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "గబగబా ఆరుతున్నాయే" అని గొణిగింది, కొడుకు వైపు చూడకుండా.

ఆమె పైకెళ్లింది. బల్ల తుడిచి, దాన్ని కిటికీ పక్కకి జరిపి, ఫోటో తీసి పంపించింది. కింద నుంచి "టీ ఏదీ?" అని భర్త గొంతు వినబడింది. ఇన్నేళ్లూ ఆ తలుపుని ఆమె బయటి నుంచే మూసేది. ఇవాళ లోపలి నుంచి మూసుకుంది.