రెబెకా ముక్కు, ఏసోబు పంపు

హాస్టల్లో ముప్పై మంది పిల్లలకు వండే రెబెకాకు వాసన తెలియడం మానేసి ఏడాది దాటింది. మొదట తుమ్ములు, ఆ తర్వాత దిబ్బడ, చివరికి ముక్కుండీ లేనట్టే అయింది. ఈమధ్య తాలింపు రెండుసార్లు మాడ్చింది. మొన్నటికి మొన్న పాచిపోయిన పప్పే పిల్లలకు వడ్డించేసింది. వార్డెన్ జయపాల్ గారు మెత్తగానే చెప్పారు. "క్రిస్మస్ లోపు చూపించుకో అమ్మా. ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకోక తప్పదు." మెత్తగా చెబితే మాత్రం పోయే పని పోకుండా ఆగుతుందా?

చీరాలలో డాక్టరమ్మ ముక్కులోకి కొట్టుకునే స్ప్రే ఇచ్చింది. స్టెరాయిడ్ మందు, రోజూ పొద్దున ఒక్కో పక్కకి రెండేసి సార్లు, గుణం కనపడ్డానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు అంది. సీసా ఎలా పట్టుకోవాలో చేసి మరీ చూపించింది. అన్నీ విని ఇంటికొచ్చేసరికి సీసా ఏసోబు చేతిలోకి పోయింది.

ఏసోబు రెబెకా మొగుడు. పత్తికి, మిరపకు పురుగుమందు కొట్టడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ముక్కులో కొట్టడం ఒక లెక్కా?

"తల పైకెత్తు," అన్నాడు.

"డాక్టరమ్మ ముందుకు వంచమంది. రెండేసి సార్లే అంది."

"ఆమె ఎన్నెకరాలకు మందు కొట్టిందంట?"

సీసా ఊపనైనా ఊపలేదు. ముక్కు మధ్య గోడకు సూటిగా గురిపెట్టి ఐదేసి సార్లు కొట్టాడు. ఆకు తడిసి కారితేగాని మందు కొట్టినట్టు కాదు అతని దృష్టిలో. పైగా గట్టిగా పీల్చమని అరుపొకటి! పీలిస్తే మందంతా గొంతులోకి జారి చేదెక్కింది.

నాలుగో రోజుకి తుమ్ములు కాస్త తగ్గాయి. వెంటనే ఆపేశాడు. పురుగు కనపడనప్పుడు కొడితే దానికి మందు అలవాటు పడుద్దట. "నా ముక్కులో పురుగేందయ్యా!" అని రెబెకా నెత్తీనోరూ కొట్టుకుంది. దిబ్బడేస్తే మళ్ళీ ఐదు. పదో రోజున హాస్టల్లో చపాతీపిండి కలుపుతుంటే టప్పున నెత్తురు చుక్క పిండిలో పడింది. పిండంతా పారబోయాల్సి వచ్చింది. జయపాల్ గారు గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయారు. అప్పటికి క్రిస్మస్‌కు నెల రోజులుంది.

ఈసారి రెబెకా ఒక్కతే చీరాల వెళ్ళింది. డాక్టరమ్మ లోపల చూసి, మధ్య గోడ పుండైందని చీవాట్లు పెట్టింది. వారం ఆపి, పుండు మానాక మొదలెట్టమంది. బస్సులో వస్తుంటే రెబెకాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద కొంత, తన మీద అంతకు రెట్టింపు. విన్నది తను, ముక్కు తనది, మరి అతని ముందు తలెందుకు పైకెత్తినట్టు?

సీసా తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. వారం తర్వాత మొదలెట్టింది. సీసా ఊపి, తల కాస్త వంచి, కుడిచేత్తో ఎడమ పక్కకి, ఎడమచేత్తో కుడి పక్కకి, మొన ఆ పక్క చెవివైపు తిప్పి రెండేసి సార్లు. మెల్లగా ఊపిరి. తుమ్ములున్నా లేకున్నా రోజూ. వారం గడిచింది, ఏమీ లేదు. పదిరోజులైనా ఏమీ లేదు. "నేను కొడితే నాలుగు రోజుల్లో తగ్గింది," అని ఏసోబు దెప్పాడు. సీసా మురుక్కాలవలో గిరాటేద్దామన్నంత విసుగొచ్చింది. అయినా మర్నాడు కొట్టుకుంది.

క్రిస్మస్‌కు ఐదు రోజులుందనగా సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంటే ఏదో ఘాటు గుప్పున తగిలింది. ఏసోబు పురుగుమందు డబ్బా ఒలికిందేమోనని మూలలన్నీ వెతికింది. అప్పుడుగాని వెలగలేదు, తనకు వాసన తెలుస్తోందని! ఉల్లిపాయ చిదిమి చూసింది. కిరసనాయిలు సీసా మూత తీసి చూసింది. ఏడుపు ఆగలేదు. హాస్టల్లో పని నిలబడ్డట్టే.

ఆ ఘాటు మాత్రం దండెం మీదున్న ఏసోబు చొక్కాది. దాన్ని తీసి అతని చేతికిచ్చింది.

"ఇంత పురుగుమందు కంపుతోనా రోజూ ఇంటికొస్తన్నావు? నీకు తెలీట్లా?"

ఏసోబు చొక్కా ముక్కుకు ఆనించుకున్నాడు. ఇంకోసారి పీల్చాడు. "ఏం కంపే? ఉతికిందేగా."

రెబెకా చిదిమిన ఉల్లిపాయ అతని ముక్కు దగ్గర పెట్టింది. అతను పీల్చాడు, ఆమె మొహంలోకి చూశాడు, చూపు దించుకున్నాడు. ట్రంకుపెట్టె వైపు చెయ్యి చాపాడు.

"ఆ సీసా ఓసారి ఇయ్యి."

"ఒకరిది ఇంకొకరు వాడకూడదు. నీ రోగమేందో చూసేది డాక్టరమ్మ." రెబెకా తాళంచెవి కొంగున ముడేసుకుంది. "రేపు పొద్దున బస్సుకి పద. ఆమె చెప్పేది నేను వింటా. నువ్వు తల వంచుదువుగాని."