ముగ్గు పోసిన కారు

భూపాల్‌రావు కోడలి కారులో ఊట పుట్టిందని కమలవ్వ కిరాణా కొట్టు దగ్గర చెప్పిందట. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా కాళ్ల కింద నీళ్లు ఊరుతున్నాయట. అది మామూలు బండి కాదట, ఎక్కడో వరదలో కొట్టుకుపోతే బురదలోంచి క్రేన్‌తో లేపి, తుడిచి, రంగేసి అమ్మారట. అందులో ఎవరో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోయారట కూడా. పోయింది ఆడమనిషా మగమనిషా అన్నదొక్కటే కమలవ్వకు ఇంకా తేలలేదట.

ఈ వార్తను రషీదా మోసుకొచ్చి ఆ కోడలు మధులిక ముందే దించింది. రషీదా జమ్మికుంటలోనే, రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. మధులిక ఆడవాళ్లకు కారు నడపడం నేర్పుతానని బోర్డు రాయించినప్పుడు అందరికంటే ముందు పేరిచ్చింది ఆమే.

"నేనైతె నమ్మలే అక్కా," అంది రషీదా, గేటు పట్టుకుని లోపలికి రాకుండానే. "గని మా అత్త నమ్మింది. గా బండెక్కుతె మల్ల ఇంట్లకు రాకు అంటున్నది. పేరిచ్చిన మమతారాణి టీచర్ గూడ జర ఆగి చూద్దామన్నది. ఇగ మిగిలినోళ్లు ఆమెను చూసి ఆగుతరు."

"నీళ్లు వస్తున్న మాట నిజమే," అంది మధులిక. "శవం ముచ్చట అబద్ధం."

"నీళ్లు నిజమైతె శవం గూడ నిజమే అంటరు అక్కా జనం."

ఆ మాట మధులికకు సూటిగా తగిలింది. నేర్పడానికి లైసెన్సు తెచ్చుకోవడానికి కరీంనగర్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలుసు. వెతికి వెతికి ఈ పాత కారు కొని, పక్క సీటు కింద తనకోసం రెండో బ్రేకు పెట్టించింది. తీరా వానలు మొదలయ్యాక ఆ పక్క సీటు కిందనే మడుగు. చిన్న తుప్పరకు ఏమీ లేదు. గట్టి వాన పడ్డ మర్నాడు మాత్రం చెప్పు పెడితే చప్పుడయ్యేటన్ని నీళ్లు. మెకానిక్ జబ్బార్ తలుపు రబ్బర్లు మార్చాడు, ముందు అద్దం చుట్టూ గమ్ము పట్టించాడు. మళ్లీ వాన వచ్చింది, వెంట నీళ్లూ వచ్చాయి. ఇక డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సిందే, అయితే తన దగ్గరున్న బండ్లన్నీ అయ్యాకే అన్నాడతను.

అంతవరకు ఆగే వీలు లేదు. మామ భూపాల్‌రావు కరీంనగర్ నుంచి పాత బండ్లు కొనే సంతోష్‌రావును ఆదివారానికి రమ్మన్నాడు. కోడలు ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని రోడ్డు మీద తిరగడం ఆయనకు మొదటినుంచీ మింగుడు పడలేదు. మార్కెట్ యార్డులో కమీషన్ మీద పత్తి అమ్మించే అడ్తి దుకాణం నడిపే మనిషి, పదిమందిలో తిరిగేవాడు. వద్దని నోరు తెరిచి అనలేడు. ఇప్పుడు ఈ నీళ్లతో ఆయనకు మంచి సాకు దొరికినట్టయింది. "ఆదివారం లోపట ఎండితె నీది, ఎండకపోతె అమ్ముదాం," అన్నాడు. మధులిక సరేనంది. ఆమె భర్త ఉజ్వల్ మంచిర్యాల నుంచి ఫోనులో, "ఎందుకు ఒప్పుకున్నవే?" అని తల పట్టుకున్నాడు.

"ఎండవెడ్త గనుక," అని ఫోను పెట్టేసింది.

శనివారం పొద్దున్నే పక్క సీటు బోల్టులు విప్పి సీటు బయట పెట్టింది. కింద పరిచిన కార్పెట్ లేపితే దాని కింద స్పాంజి మందాన ఉన్న దళసరి గుడ్డ, తడిసిన బొంతలా బరువెక్కి ఉంది. దాన్ని ఈడ్చి బయట పడేసేసరికి వాసన వాకిలంతా కమ్ముకుంది. అత్త తారాబాయి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర అంచున ఉన్న భైంసా. విసుగొచ్చినా వింత అనిపించినా ఆ వైపు మాటే ముందు వస్తుంది.

"అగబాయి! గిదేం వాసనే? బొబ్బెర్లు నానవోసి మర్చిపోయినట్టు!"

"గందుకే అత్తమ్మా ఎవరు ఎక్కుతలేరు."

మధులిక లోపలి రేకును తుడిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆరబెట్టింది. తర్వాత పైపు తెచ్చి కారు మీద పై నుంచి కింది దాకా వాన కురిసినట్టు నీళ్లు కొట్టింది. తలుపు తీసి చూస్తే రేకు మీద నీళ్లున్నాయి. ఏ మూల నుంచి దిగాయో మాత్రం అంతు చిక్కలేదు. తడిసిన రేకు అంతా ఒక్క తీరుగానే మెరుస్తోంది. మళ్లీ తుడిచింది, మళ్లీ ఆరబెట్టింది, మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మెరుపు. పైపు నేలకేసి కొట్టి గుమ్మం మీద కూర్చుంది.

తారాబాయి కాసేపు కారును చూసింది, కాసేపు కోడలిని చూసింది.

"ముగ్గు పోద్దామా?"

"దేనికి?"

"పొద్దుగాల నేను వాకిట్ల ముగ్గేస్తె, దాని మీదికెళ్లి కుక్క పోయిందా, కోడి పోయిందా, మీ మామ చెప్పులేసుకోని తొక్కిండా, అన్ని తెలుస్తయి నాకు. నీళ్లు పోతె తెల్వదా?"

మధులిక లేచి నిలబడింది. ముగ్గు డబ్బా తెచ్చి, ఆరిన రేకు మీద, డ్యాష్‌బోర్డు కింది గోడ మీద, తలుపు గడప పొడుగునా పిండి జల్లెడ పట్టినట్టు పలుచగా చల్లారు. ఈసారి మధులిక పైపు ముట్టుకోలేదు.

"పైకెళ్లి పోస్తె అన్నిటి మీదికెళ్లి కారుతది అత్తమ్మా, ఎక్కడ జొచ్చిందో దొరకది. కిందికెళ్లి మీదికి పోసుకుంట పోదాం. జాగ జాగకు ఆగుకుంట. నువ్వు లోపట కూసోని లైటు కొట్టు. ముగ్గు చెదిరితె మొత్తుకో."

తారాబాయి డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుంది, పక్కకు వంగి టార్చి పట్టుకుంది. మధులిక చెంబుతో ముందు చక్రం లోపలి వైపు పోసింది. "లేదు," అంది తారాబాయి. తలుపు కింద పోసింది. "లేదు." తలుపు అద్దం దగ్గర పోసింది. "లేదే." ముందు అద్దం అంచు వెంట, జబ్బార్ గమ్ము పట్టించిన చోట కూడా పోసింది.

"జబ్బార్ మంచిగనే పెట్టిండు, పాపం. సుక్క రాలే."

అప్పుడే యార్డు నుంచి భూపాల్‌రావు వచ్చాడు. కారులో భార్య, భార్య చేతిలో టార్చి, ముందు ముగ్గు. చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"గిదేంది తారా? కారుకు ముగ్గా? ఇంత పసుపు కుంకుమ గూడ పెట్టి హారతియ్యున్రి, నీళ్లు సిగ్గుపడి పోతయి."

"మీరు జర పక్కకు జరుగున్రి, ఎలుగు అడ్డమొస్తున్నది," అంది తారాబాయి.

మధులిక బానెట్ తెరిచి, అద్దం మొదట్లో, వైపర్ల కింద ఉన్న నల్లటి ప్లాస్టిక్ జాలీ మీద చెంబెడు నీళ్లు పోసింది. ఏమీ లేదు. ఇంకో చెంబు పోసి, ఆగి, వంగి కారు కింద చూసింది. చక్రాల వెనక నుంచి ఒక్క ధార కూడా కిందికి దిగలేదు.

ఆమె ఖాళీ చెంబును, జాలీని మార్చి మార్చి చూసింది.

"అత్తమ్మా, లోపటికి వచ్చినయా?"

"రాలే."

"బయటికి గూడ రాలే. మరి పోసిన నీళ్లు ఎటు పోయినయి?"

ఈసారి బకెట్టే ఎత్తింది. జాలీ మీద తగ్గకుండా ధారగా పోస్తూనే ఉంది. బకెట్టు అడుగుకు వచ్చే వేళకు లోపలి నుంచి కేక వినపడింది.

"వచ్చింది! వచ్చిందే మధూ! గా గాలి కొట్టే డబ్బా కిందికెళ్లి! ముగ్గు మీద నల్లగ పాము పాకినట్టు గీత!"

మధులిక వైపర్లు విప్పి, క్లిప్పులు ఊడదీసి జాలీ పైకెత్తింది. దాని కింద దాగిన తొట్టిలో నీళ్లు అంచు దాకా నిలిచి ఉన్నాయి. వాన నీళ్లు ఆ తొట్టిలో పడి, రెండు కొసల్లో ఉన్న బొక్కల గుండా చక్రాల వెనక నుంచి కిందికి పోవాలి. చుక్క చుక్కగా తప్ప పోయే దారి లేక, నిండి నిండి, లోపలికి గాలి తీసుకునే కిటికీ అంచు దాటి పొర్లుతున్నాయి. చిన్న తుప్పరకు రాకుండా గట్టి వానకే ఎందుకు వస్తున్నాయో ఇప్పుడు తెలిసింది. మధులిక నీళ్లలో చేయి పెట్టి మూల తడిమింది. మెత్తగా తగిలింది. రెండు వేళ్లతో పట్టి లాగితే జిడ్డుగా, గట్టిగా కూరిన ముద్ద ఒకటి జుర్రుమంటూ ఊడి వచ్చింది. దాని వెంట నీళ్లు గుడగుడమని నేల మీదికి దూకాయి.

తారాబాయి కారు దిగి ఆ ముద్దను అందుకుని, పిండి, వేళ్లతో విప్పి చూసింది.

"పత్తి," అంది. ఇంకొంచెం విప్పింది. "నూనెల ముంచిన పత్తి."

ఆ ఇంట్లో బొక్క కనిపిస్తే పత్తి కూరే మనిషి ఒక్కడే. చలికాలం చెవుల్లో, బల్లి తొంగిచూసిన స్విచ్‌బోర్డు పక్కన, చీమలు వచ్చే గోడ పగులులో, చివరకు సతాయించిన తాళం బుర్రలో కూడా. జీవితమంతా పత్తి మధ్యనే బతికిన వాడికి చేతికి అందేది అదే. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒక్కసారే ఆయన వైపు తిరిగారు.

భూపాల్‌రావు గొంతు సవరించుకున్నాడు.

"బండి కొన్న కొత్తల గోదాం ఎలుకలు వైర్లు కొరికినయని ఏడ్సింది నువ్వే గద బిడ్డా? బొక్క కనవడ్డది, మూసిన. నీ మంచికే మూసిన."

"రెండు దిక్కులా మామయ్యా?"

"ఒక్క దిక్కు మూస్తె ఎలుక ఇంకో దిక్కుకెళ్లి రాదా?"

మధులికకు నవ్వొచ్చింది కానీ నవ్వడానికి పొద్దు లేదు. రెండో ముద్ద కూడా లాగేసి, ఎలుకలు దూరకుండా రెండు బొక్కలకూ ఇనుప జాలీ ముక్కలు కత్తిరించి బిగించింది. మళ్లీ తుడిచి, మళ్లీ ముగ్గు చల్లి, బకెట్ల మీద బకెట్లు పోసింది. పోసిన నీళ్లు పోసినట్టు చక్రాల వెనక నుంచి కారిపోయాయి. లోపలి ముగ్గు చెక్కుచెదరలేదు. దళసరి గుడ్డను సర్ఫు నీళ్లలో తొక్కి తొక్కి ఉతికి, తారాబాయితో పట్టి పిండి, డాబా మీద ఆరేసింది. పొద్దుగూకాక లోపలికి తెచ్చి, తేమ మిగిలిన చోట ఫ్యాన్ తిప్పింది.

ఆదివారం తెల్లవారుతూనే వాన దంచి కొట్టింది. మధులిక కారును కావాలనే వాకిట్లో తడవనిచ్చింది. వాన వెలిసాక రషీదాకు ఫోను చేసి రమ్మంది. ఆమె వెంట అత్త కూడా వచ్చింది, అబద్ధమో నిజమో కళ్లతో చూడాలని. కమలవ్వను పిలవలేదు కానీ ఆమె పిలవకుండానే వచ్చింది. మధులిక తలుపు తీసి, కార్పెట్ లేపి, తెల్లగా ఉన్న ముగ్గు చూపించింది. కమలవ్వ వంగి వేలితో రాసి, వాసన చూసి, రషీదా అత్తతో మెల్లగా, "నేను ముందే అన్న, ఎవలో కావాల్నని పుట్టిచ్చిన్రు," అంది.

"సోమవారం పొద్దుగాల వస్త అక్కా," అంది రషీదా, తన అత్త ముఖంలోకి చూస్తూ. అత్త కాదనలేదు.

అంతలో సంతోష్‌రావు మోటారు సైకిల్ వచ్చి ఆగింది. అతను కారు చుట్టూ తిరిగాడు, లోపల తల పెట్టి వాసన పీల్చాడు, రేకు తడిమాడు.

"పొడిగనే ఉన్నది గద సార్. ఊకె భయపెట్టిన్రు. మంచి బేరం వస్తది."

భూపాల్‌రావు ముఖం వెలిగింది.

"అమ్ముడంటె ఇప్పుడే అమ్మాలె. తడి బండి ఎవడు కొంటడు?"

"మామయ్యా, ఎండితె నాది అన్నరు," అంది మధులిక. "ఎండింది."

"ఎండింది బిడ్డా, నేను కాదంటలేను. నేను చెప్పేది వేరే. నీళ్లు ఆగినయి, నోర్లు ఆగుతయా? రేపు పొద్దున ఇంకోటి పుట్టిస్తరు. ఆడోళ్లు గుంపులు గుంపులుగ కారేసుకోని బజార్ల తిరిగితె యార్డుల నలుగురు నన్నేమంటరు? నా మాట ఇను. తాళం చెవి ఎక్కడున్నది?"

మధులిక జేబు తడుముకుంది. లేదు. కారులో చూసింది. తాళం చెవి తారాబాయి దగ్గర ఉంది. ఆమె అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని, కాళ్లు లోపలికి తీసుకుని, తలుపు వేసుకుంటోంది. అద్దం దించి భర్త వైపు చూసింది.

"ఇన్నేండ్లు మీరు ఎక్కుమంటె ఎక్కిన, దిగుమంటె దిగిన. సోమవారం సంది నేను గూడ నేర్సుకుంటున్న. ఎవలన్న ఏమన్న అంటరని అంత భయమైతె, మీరు ఇంట్లనే కూసోన్రి."