దమయంతికి నీళ్ళంటే భయమట

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, లంచ్ బాక్సు కడుగుదామని వర్షిణి స్కూలు బ్యాగు తెరిచింది దమయంతి. బాక్సులో సగం కొరికిన ఇడ్లీ, బాక్సు కింద నాలుగు మడతలు పెట్టిన కాయితం. పిల్లలు దాచిన కాయితాలు ఎప్పుడూ అమ్మల చేతికే దొరుకుతాయి, బాక్సులు తోమేది వాళ్ళే కనక. గ్రేడ్ త్రీ పిల్లలందరినీ మంగళవారం కమ్యూనిటీ సెంటర్ పూల్‌కి తీసుకెళ్తారట. లోతు నీళ్ళలోకి దొర్లాలి, ఒక నిమిషం కాళ్ళూ చేతులూ ఆడిస్తూ తేలాలి, యాభై మీటర్లు ఈదాలి. ఎటు చూసినా సరస్సులే ఉన్న దేశం కదా, పొరపాటున పడితే బతికి బయటపడాలని నేర్పుతారు. కింద రెండు గళ్ళు: పంపిస్తాం, పంపించం. రెండోదాంట్లో ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంది.

"ఇదెవరు పెట్టారే?"

"నేనే. ఐ కాంట్ డూ ఇట్, అమ్మా. నీకూ నీళ్ళంటే భయమే కదా. డాడీ సెడ్ ఐ గాట్ ఇట్ ఫ్రమ్ యూ."

సోఫాలో ఫోన్ చూసుకుంటున్న విష్ణు పకపకా నవ్వాడు. "మరి అంతేగా తల్లీ! మీ అమ్మ బకెట్లో నీళ్ళు చూసినా రెండడుగులు వెనక్కేస్తుంది."

ఈ హాస్యానికి పన్నెండేళ్ళ వయసు. కెనడాలో, ఈ మార్కమ్‌లో వాళ్ళకి తెలిసిన ప్రతి తెలుగింట్లోనూ ఒక్కసారైనా వడ్డించాడు. వేసవిలో నాలుగు కుటుంబాలు కలిసి బీచికి వెళ్తే, "మా దమయంతి దిగదులెండి, బ్యాగులు తన దగ్గర పెట్టెయ్యండి" అనేవాడు. అందరి చెప్పులూ, ఫోన్లూ, కారు తాళాలూ చుట్టూ పెట్టుకుని, పులిహోర డబ్బాకి ఇసుక తగలకుండా చున్నీ అడ్డం పెట్టి కూర్చునేది దమయంతి. పిల్ల ఈత క్లాసు సీట్లు ఐదు నిమిషాల్లో అయిపోతాయని పొద్దున్నే ఏడింటికి లాప్‌టాప్ ముందు కాచుకుని బుక్ చేసేదీ తనే, వారం వారం తడి తువ్వాలు పట్టుకుని అద్దాల అవతల కూర్చునేదీ తనే. అద్దం ఇవతలికి రమ్మని ఎవరూ అనలేదు. నిజం చెప్పద్దూ, వస్తానని తనూ అనలేదు.

అసలు సంగతేమిటంటే, దమయంతికి ఈత వచ్చు. మామూలుగా రావడం కాదు, బాగా వచ్చు. కాకినాడలో ఆరో తరగతి వేసవి సెలవుల్లో స్కూలు వాళ్ళే మునిసిపాలిటీ ఈతకొలనుకి తీసుకెళ్ళేవారు. చల్లటి పొద్దులూ, చల్లటి సాయంత్రాలూ మగవాళ్ళవి. ఆడపిల్లలకి ఇచ్చింది మిట్టమధ్యాహ్నం రెండు నుంచి మూడు. గట్టు మీద సిమెంటు పెనంలా కాలేది, అరికాళ్ళు ఆనించలేక గెంతుకుంటూ పోయి నీళ్ళలో దూకేసేవాళ్ళు. గౌన్లు గొడుగుల్లా పైకి లేచేవి. బ్లీచింగ్ వాసన, పాకుడు పట్టిన నీలం పలకలు, లారీ ట్యూబు కోసం కొట్లాటలు. డ్రిల్లు చెప్పే కమలకుమారి టీచరు చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, పొడుగాటి వెదురుకర్ర పట్టుకుని గట్టు వెంట నడిచేది. "గట్టు వదలవే! గట్టు పట్టుకుని ఎవత్తికీ ఈత రాలేదు" అని అరిచేది. మూడో వారానికి దమయంతి ఈ చివర నుంచి ఆ చివరికి ఊపిరి బిగబట్టి వెళ్ళేది. నీళ్ళలో ఉన్నంతసేపూ ఎవరూ పని చెప్పరు, ఎవరి మాటా వినపడదు. ఆ సంగతి పదకొండేళ్ళకే తెలిసిపోయింది దానికి. జిల్లా పోటీలకి పేరిచ్చింది టీచరు.

పోటీలు పది రోజులున్నాయనగా దమయంతి పెద్దమనిషి అయింది. మూల గదిలో చాప మీద కూర్చోబెట్టి, ఒంటికి బలమంటూ చిమ్మిలి పెట్టారు. నువ్వులూ బెల్లం దంచిన ఆ ముద్ద నోట్లో ఉండగానే వీధిలో టీచరు గొంతు వినపడింది, పిల్ల రావడం లేదేమని. ఈడొచ్చిన పిల్ల తడిబట్టల్తో నలుగురిలో ఏమిటని నాన్న ముందురోజే తేల్చేశాడు. ఆ మాట పైకి చెప్పడానికి అమ్మకి మొహం చెల్లలేదు. "నీళ్ళంటే భయం పట్టుకుందండీ. ఇంక రానంటోంది" అంది.

"భయమా? దానికా?" అని నవ్వింది టీచరు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆవిడకి అర్థమైంది. చెప్పులేసుకున్న చప్పుడు, గేటు చప్పుడు. తలుపు చాటున ఉన్న దమయంతి లేచి వెళ్ళి కాదనొచ్చు, కానీ మైలలో ఉన్న పిల్ల చాప దాటకూడదు. నోట్లో ముద్ద మింగుడు పడలేదు. దమయంతికి ఇప్పటికీ చిమ్మిలంటే కోపం.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. వాళ్ళమ్మకి పాత అబద్ధం ఒక్కటే సరిపోయింది. పెళ్ళిచూపుల్లో కూడా "మా పిల్లకి నీళ్ళంటే భయం వదినగారూ" అంది. "మంచిదే. ఆడపిల్లకి ఏదో ఒక భయం ఉండాలి" అని అత్తగారు మురిసిపోయింది. ఒకళ్ళు సిగ్గుపడి అన్నారు, ఒకళ్ళు మెచ్చుకున్నారు, ఒకడు హాస్యానికి వాడుకున్నాడు. అందరూ అంటూ ఉంటే కాదనే ఓపిక దమయంతికి లేకపోయింది. తన మటుకు తనకైతే మోసేసేది. ఇప్పుడది ఎర్ర పెన్సిల్ పట్టుకుని కూతురి చేత టిక్కు పెట్టిస్తోంది.

ఆదివారం పిల్లని పూల్‌కి తీసుకెళ్ళి ప్రాక్టీసు చేయిస్తానన్న విష్ణు, మధ్యాహ్నానికి లాప్‌టాప్ తెరిచాడు. "రిలీజ్‌లో ఇష్యూ వచ్చింది. వచ్చే వారం చూద్దాంలే."

"మంగళవారం అంటే ఎల్లుండే" అని కారు తాళాలు తీసుకుంది దమయంతి.

పదేళ్ళ లోపు పిల్లలతో పెద్దవాళ్ళెవరో చేతికందే దూరంలో నీళ్ళలో ఉండాలి, అదీ అక్కడి రూలు. "హూ ఈజ్ గోయింగ్ ఇన్ విత్ హర్?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి. ఇదివరకైతే ఈ ప్రశ్న దగ్గరే వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. "ఐ యామ్" అంది దమయంతి. కౌంటర్ వెనక వేలాడుతున్న వాటిలోంచి మోకాళ్ళ దాకా ఉన్న నల్ల ఈత సూటొకటి కొంది.

బట్టలు మార్చుకునే గదిలో కాసేపు తువ్వాలు వదల్లేదు. కడుపు మీద కాన్పు చారలు, నెలల తరబడి పట్టించుకోని కాళ్ళు. పక్కన ఇద్దరు చైనీస్ బామ్మలు ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి, కూరల ధరలు మాట్లాడుకుంటున్నంత తీరిగ్గా కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళని చూస్తే దమయంతికి నవ్వొచ్చింది. తువ్వాలు కొక్కేనికి తగిలించింది.

మొదట పది బారలు కూడా వెళ్ళకుండానే నీళ్ళు మింగి, ఉక్కిరిబిక్కిరై దగ్గింది. లైఫ్‌గార్డు లేచి నిలబడ్డాడు. ఇంకా నీళ్ళలో దిగకుండా గట్టు మీదే ఉన్న వర్షిణి ఏడుపు మొహం పెట్టి, "అమ్మా, కమ్ బ్యాక్!" అంది. దమయంతి ముక్కు చీది, మళ్ళీ తల ముంచింది. ఈసారి చేతులకి వాటంతటవే దారి తెలిసింది. లోతు వైపు గోడ తాకి, తిరిగి, కూతురి దగ్గరికొచ్చి లేచింది. అలుపుతో మాట రావడం లేదు. సంతోషంతో ఏడవాలనిపించింది, నీళ్ళలో ఎవరికి తెలుస్తుందని కాస్త ఏడ్చింది కూడా.

"యూ కెన్ స్విమ్?" నోరు తెరిచేసింది వర్షిణి.

"వచ్చు. రా, గట్టు వదులు."

గంటసేపట్లో పిల్ల నలభై సెకన్లు తేలింది, స్కూలు వాళ్ళ లెక్కలో నిమిషం కాకపోవచ్చు. రెండుసార్లు అమ్మ మెడ పట్టుకుంది, మూడోసారి పట్టుకోలేదు. "మంగళవారం ఐ విల్ గో" అని తనే అంది.

జుట్టు తుడుచుకుంటుంటే విష్ణు ఫోన్ చేశాడు. "ఇంతసేపా? నీళ్ళలో పిల్లతో ఎవరు దిగారు?"

"నేనే."

"నువ్వా? నీకు భయం కదా!"

"లేదు. ఎప్పుడూ లేదు. రైస్ పెట్టెయ్యి, ఆకలేస్తోంది మాకు" అని పెట్టేసింది.

వర్షిణి పళ్ళు టకటకలాడిస్తూ బెంచీ మీద కూర్చుని అంతా వింటోంది. "దెన్ వై డిడ్ యూ స్టాప్, అమ్మా?"

ఆనాడు టీచరుకి వాళ్ళమ్మ చెప్పిన జవాబే దమయంతి నాలుక చివరిదాకా వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా అలవాటైన మాట, ఎవరినీ నొప్పించని మాట. దమయంతి దాన్ని మింగేసి, పిల్ల ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాకు పీరియడ్స్ మొదలయ్యాయని మాన్పించేశారురా. ఇంకో రెండు మూడేళ్ళలో నీకూ మొదలవుతాయి. కడుపునొప్పి ఉంటే ఆ రోజు ఇంట్లో పడుకుందాం. తగ్గిన మర్నాడు మనిద్దరం ఇక్కడికే వస్తాం."